యోతా కాలువ గట్టు మీద

స్వీడన్ దేశపు పటంలో ‘గోటా’ అని చదువుకోదగిన అక్షరాలు కనిపిస్తాయి. కాని ఆ దేశస్థులు దానిని ‘యోతా’ అంటారు. ఆ ఓకారం కూడా మన ఓకారం కాదు. పెదవులను ఓకారానికి గుండ్రంగా పెట్టి, నాలుకతో ఏకారం పలకాలి. పదేళ్ళ మా మనుమరాలు నాకు ఈ పాఠం నాలుగు రోజులు చెప్పి, అయిదో రోజున “పరవాలేదు తాతయ్యా, యోతా అన్నా అర్థమవుతుందిలే” అని నన్ను గట్టెక్కించింది. అందుచేత ఈ టపాలో యోతా అనే వ్రాస్తాను.

వారి భాషలో క, గ లు ఏకారం, ఇకారం వంటి అచ్చుల ముందు మెత్తబడతాయి. మా అబ్బాయి ఉద్యోగం చేసే ఊరి పేరు వ్రాతలో ‘లింకోపింగ్’, పలుకుబడిలో ‘లిన్‌షోపింగ్’. తెలుగు పండితుడికి ఇందులో వింత ఏముంది? కన్నడిగుల కెరె మనకు చెరువైంది, వారి కివి మనకు చెవి అయింది. తాలవ్యీకరణమని ముప్పై యేళ్ళు నల్లబల్ల మీద వ్రాసిన మాట అంత దూరాన, చలిదేశపు రైల్వేస్టేషను బోర్డు మీద ఎదురుపడితే, ఊరివాడు కనిపించినట్లయింది.

ఇక కాలువ సంగతి. స్వీడన్‌కు పడమట వేనెర్న్, దాని తూర్పున వెత్తెర్న్ అని రెండు మహాసరస్సులున్నాయి. వేనెర్న్ ఒడ్డునున్న షోటొర్ప్ నుంచి తూర్పున బాల్టిక్ సముద్రం అంచున ఉన్న మేమ్ అనే ఊరి వరకు సాగేదే యోతా కాలువ. మొత్తం పొడవు 190 కిలోమీటర్లు. అందులో 87 కిలోమీటర్లు మనుషులు త్రవ్వినది, తక్కినదంతా సరస్సులూ నదులూ. దారిలో 58 లాకులున్నాయి. 1810లో పని మొదలుపెట్టి 1832లో ముగించారు. త్రవ్వించినవాడు బాల్ట్సార్ ఫాన్ ప్లాటెన్ అనే నౌకాదళాధికారి. దారి నిర్ణయించి పెట్టినవాడు స్కాట్లండు ఇంజనీరు థామస్ టెల్ఫర్డ్. త్రవ్వినవారు రమారమి 58,000 మంది, వారిలో అత్యధికులు సిపాయిలు. రోజుకు పన్నెండు గంటల పని, చేతిలో పార.

ఎందుకింత శ్రమ? బాల్టిక్ నుంచి బయటి సముద్రానికి పోవాలంటే డెన్మార్కు ముంగిటనున్న ఇరుకు జలసంధిగుండా పోవాలి. అక్కడ ప్రతి ఓడా డెన్మార్కు రాజుకు సుంకం చెల్లించాలి. ఆ సుంకం తప్పించుకుని, స్వదేశం నడుమ నుంచే సరకు తరలించుకోవాలని వారి తలంపు. విధి చూడండి. 1857లో ఆ సుంకమే రద్దయిపోయింది. 1862లో స్టాక్‌హోం నుంచి గోథెన్‌బర్గుకు రైలు పూర్తయింది. ఇరవైరెండేళ్ళు త్రవ్విన కాలువకు ముప్పై యేళ్ళకే పని లేకుండా పోయింది. అయినా దానిని పూడ్చలేదు, పాడుపెట్టలేదు. 1978లో ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. ఓడలను లాగడానికి ఎడ్లూ గుర్రాలూ నడిచిన గట్టు ఇప్పుడు సైకిలు బాట అయింది. నేను ఎక్కినది ఆ గట్టే.

2023 జూన్ చివరివారంలో, మా అబ్బాయి, మనుమరాలు, నేను, ముగ్గురం బయలుదేరాము. లిన్‌షోపింగ్ నుంచి మూతలా అనే ఊరి దాకా, మధ్యలో ఒక రాత్రి మజిలీతో రెండు రోజుల ప్రయాణం. “మామయ్యగారూ, మోకాళ్ళు జాగ్రత్త” అని మా కోడలు మందుల సంచీ కట్టి ఇచ్చింది. ఆమె భయం తెలియనిది కాదు. కాని నేను ఉద్యోగం చేసిన కాలమంతా రోజూ కాలువ గట్టు మీద ఏడు కిలోమీటర్లు పోనూ, ఏడు రానూ సైకిలు త్రొక్కినవాణ్ణి. అక్కడి సైకిలుతో వచ్చిన చిక్కు ఒక్కటే. పెడలు వెనక్కు త్రొక్కితే బ్రేకు పడుతుంది. మనకేమో తీరిక దొరికినప్పుడల్లా పెడలు వెనక్కు తిప్పుకోవడం అలవాటాయె. మొదటి కిలోమీటరులో నాలుగుసార్లు ఉన్నచోటనే నిలిచిపోయాను.

లిన్‌షోపింగ్‌కు పది, పన్నెండు కిలోమీటర్లలో బెరి అనే చోటు ఉంది. వ్రాతలో బెర్గ్, చివరి గకారం ఇంచుమించు యకారమై బెరి అని వినిపిస్తుంది. రోక్సెన్ సరస్సు నుంచి గుట్ట మీదికి ఒకదాని మీద ఒకటిగా ఏడు లాకులు మెట్లలాగా కట్టారు. ఈ ఏడూ కలిసి ఓడను 18.8 మీటర్లు పైకెత్తుతాయి. కార్ల్ యూహాన్ రాజు పేరు పెట్టారు. గడ్డి మీద కూర్చుని చూస్తే ఒక తెల్లని పడవ కింది గదిలోకి వచ్చింది, వెనుక తలుపులు మూసుకున్నాయి, ముందు తలుపు సందుల నుంచి నీళ్ళు తెల్లగా ఉరికాయి, పడవ తొట్టెలో బొమ్మలాగా పైకి తేలింది. ఆ తరువాత పై గది. ఇలా ఏడుసార్లు. ఒక పడవలో భార్యాభర్తలు తాళ్ళు పట్టుకుని ఒకరినొకరు కసురుకుంటున్నారు. మా అబ్బాయి నవ్వి, ఈ కాలువకు ఇక్కడివారు ‘విడాకుల గుంట’ అని ముద్దుపేరు పెట్టారని చెప్పాడు.

అక్కడికి దగ్గరలోనే వ్రేతా అనే మఠం శిథిలాలున్నాయి. క్రీస్తుశకం 1100 ప్రాంతాన ఇంగె అనే రాజూ ఆయన రాణీ ఇచ్చిన భూమిలో వెలసిన సన్యాసినుల మఠం, ఆ దేశంలో అటువంటివాటిలో మొట్టమొదటిది. నన్నయ భట్టారకుడు రాజమహేంద్రవరంలో భారతం ఆరంభించిన ఏకాదశ శతాబ్దానికి కాస్త ఇవతలిది అని లెక్క వేసుకున్నాను. నాకు కాలం కొలుచుకోవడానికి ఆయనే కొలబద్ద. పక్కన చర్చి ఇంకా నిలిచి ఉంది, మఠానికి పునాదిగోడలూ రాళ్ళూ మిగిలాయి. ఆ రాళ్ళ మధ్య ఒక ముసలావిడ ఊలు అల్లుకుంటూ కూర్చుని ఉంది. నన్ను చూసి తల పంకించింది, నేనూ పంకించాను. ఇరువురికీ అంతకు మించిన భాష లేదు.

బెరి దాటాక గట్టు బాట చదునైపోతుంది. లాకుల దగ్గర తప్ప ఎత్తుపల్లాలుండవు, నీరు చదును కోరుతుంది కనుక గట్టూ చదునే. మోకాళ్ళవారికి ఇంతకన్నా సుఖమైన దారి దొరకదు. ఒకవైపు నీరు, మరొకవైపు చేలు. చేల మధ్య ఎర్రరంగు పూసిన చెక్క ఇళ్ళు, తెల్లని కిటికీ అంచులు. గట్టు పొడవునా వరుస చెట్లు. దారి పక్కన ఊదారంగులో లూపిన్ పూల కంకులు. యుంగ్స్‌బ్రూ అనే ఊరి దగ్గర ఒక చమత్కారం ఉంది. కాలువ పైన పోతుంది, మోటారు రోడ్డు దాని కిందగా పోతుంది. మన కాలువల మీదా ఇటువంటి అక్విడక్టులున్నాయి, గన్నవరంలో ఏరు కిందగా పోతే కాలువ పైన పోతుంది. ఇక్కడ ఏరుకు బదులు లారీలు. అదే ఊళ్ళో క్లోఎట్టా వారి చాకొలెట్టు కర్మాగారం ఉండటంచేత మా మనుమరాలు ఇక కదలనంది. ఆ సంగతి అక్కడితో వదిలేస్తాను.

మధ్యాహ్నం ఒక లాకు కాపలాదారు ఇంటిని కాఫీకొట్టుగా మార్చినచోట ఆగాము. చుట్ట చుట్టి కాల్చిన రొట్టె ఒకటి తెచ్చారు. కొరికితే ఏలకుల పరిమళం! మన పాయసాల సుగంధం ఆ చలిదేశపు రొట్టెలో ఎలా కుదురుకుందో గాని, ఆ దేశంలో కాఫీతో పాటు తినే రొట్టెలలో ఏలకి వేయడం ఇంటింటి పద్ధతి. కొట్టు పెరట్లో గడ్డిలో అడవి స్ట్రాబెర్రీలు చిటికెన వేలి గోరంత ఎర్రగా పండి ఉన్నాయి. కోయవచ్చునా అని సంకోచిస్తే, అబ్బాయి చెప్పాడు: ఒకరి పెరడు కోయరాదు గాని, బయట అడవిలో, బీడులో, ఎవరి భూమి అయినా సరే నడవవచ్చు, పండ్లు ఏరుకోవచ్చు, ఒక రాత్రి గుడారం వేసుకోవచ్చు. పంట త్రొక్కరాదు, ఎవరి ఇంటి ప్రశాంతతకూ భంగం కలిగించరాదు. ‘సర్వజనుల హక్కు’ అని దాని పేరుకు అర్థం. 1994లో వారి రాజ్యాంగంలోనూ ఆ మాట చేర్చారు. నేను మా ఊరి గట్టును తలచుకున్నాను, ఏమీ అనలేదు.

సాయంత్రానికి బూరెన్స్‌బెరి చేరాము. సాయంత్రమంటే గడియారానికే, ఆకాశానికి కాదు. రాత్రి పదింటికి కూడా ఎండ చెట్ల కొనలను వదలలేదు. ఈ ఊళ్ళో లాకు ఒక్కటే. కాని ఆ 58 లాకులలో నేటికీ చేత్తో తిప్పేవి రెండే మిగిలాయి, ఒకటి ఇది, రెండవది పడమట తోతొర్ప్‌లో. తక్కినవన్నీ మీట నొక్కితే కదులుతాయి. ఇక్కడ తలుపును కదిపే పొడవాటి దూలానికి మనిషి నడుము ఆనించి, కాళ్ళు నేలకు తన్నిపెట్టి నెట్టాలి. వేసవి ఉద్యోగానికి వచ్చిన కాలేజీ అమ్మాయి ఆ పని చేస్తున్నది. మా మనుమరాలు కళ్ళప్పగించి చూస్తుంటే, రమ్మని పిలిచి, దూలానికి ఒక పక్క నిలబెట్టింది. అయిదడుగులు వెనక్కు వెనక్కు నడిచి పిల్ల తలుపు తెరిచింది. ముఖం కందగడ్డ అయింది, సంతోషం పట్టలేకపోయింది.

లాకు పక్కన ఒక పాతకాలపు బొమ్మ పెట్టారు. గట్టు మీద జోడెడ్లు, వాటి మెడల నుంచి పొడవాటి తాడు, తాడు చివర కాలువలో ఓడ. పూర్వం గాలి లేనప్పుడు ఓడలను అలా లాగేవారట.

“మా తాత కూడా ఈ పనే చేసేవాడమ్మా” అన్నాను.

“ఎడ్లను తోలేవాడా?”

“కాదు. ఆయనే లాగేవాడు.”

మా అబ్బాయి సైకిలుకు తాళం వేస్తున్నవాడల్లా తలెత్తి చూశాడు. వాడికి నలభై యేళ్ళు. ఈ మాట వాడూ అప్పుడే వినడం. మా నాన్న బ్రతికి ఉన్నంతకాలం ఇంట్లో ఈ ప్రస్తావన ఎత్తనిచ్చేవాడు కాదు. ఎవరైనా అడిగితే “పడవ వ్యాపారం” అనేవాడు. వ్యాపారం కాదు, పడవ వేరొకరిది. ధవళేశ్వరం నుంచి కాకినాడ దాకా కాలువలో ధాన్యం పడవలు పోయేవి. గాలి ఉంటే తెరచాప, లేకపోతే తాడు. ఇద్దరో ముగ్గురో మనుషులు గట్టు మీద తాడు భుజాన వేసుకుని, ముందుకు వంగి, రోజంతా నడిచేవారు. సరంగు పడవలో కూర్చుని చుక్కాని పట్టేవాడు. మా తాత కుడి భుజం మీద అరచేతి వెడల్పున చర్మం వేరుగా ఉండేది, నున్నగా, నల్లగా, ఎద్దు మూపురం మీద కాడి రాసుకున్నచోట ఉన్నట్లు. ఆయన పోయేనాటికి నాకు ఎనిమిదేళ్ళు. ఆ భుజం మీదనే నేను కూర్చుని తీర్థానికి వెళ్ళిన జ్ఞాపకం.

పిల్ల కాసేపు ఆ బొమ్మ వంకే చూసి అడిగింది. “మనకు ఎడ్లు లేవా తాతయ్యా?”

“ఉన్నాయమ్మా, బోలెడు.”

“మరి?”

“ఎద్దుకు డబ్బెక్కువ అవుతుంది.”

ఆ సమాధానం తప్పు కాదు. కాటన్ దొరగారి ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. డెల్టా కాలువలు పొలానికి నీరూ, పడవకు దారీ రెండూ ఇచ్చాయి. లాకులూ కట్టారు. ఆ ఆంగ్లపదాన్ని మనవారు ఎంతగా సొంతం చేసుకున్నారంటే, ‘లాకులు’ అన్నది ఊరి గుర్తుగా, బస్సు స్టాపు పేరుగా స్థిరపడిపోయింది. ఆ మేలు కాదనలేము, మా ఇంట్లో అన్నం ఉడికింది ఆ నీటితోనే. కాని ఆ గట్టు మీద పశువుకన్న మనిషి చౌక. ఎద్దు చచ్చిపోతే రైతుకు నష్టం. తాడు లాగేవాడు పడిపోతే మరునాడు ఇంకొకడు దొరుకుతాడు. ఇదంతా పదేళ్ళ పిల్లకు చెప్పలేదు. వాళ్ళ నాన్న మాత్రం రాత్రి భోజనాలయ్యాక, “నాన్నగారూ, ఇంకా ఏం గుర్తున్నాయి?” అని అడిగాడు. వెలుతురు ఉన్నంతసేపూ చెప్పాను. చాలాసేపు ఉంది వెలుతురు.

రెండవ రోజు బూరెన్ సరస్సు ఒడ్డు వెంబడి, కొంత దూరం గట్టు విడిచి పల్లెదారులగుండా పోయాము. ఇక్కడ మిట్టలున్నాయి. రెండుచోట్ల దిగి నడిపించాను, అవమానమేమీ లేదు. సరస్సు చివర బూరెన్స్‌హుల్ట్‌లో అయిదు లాకుల మెట్ల వరుస, ఎత్తు 15.3 మీటర్లు. బెరిలో ఉన్నంత జనం ఇక్కడ లేరు. అందంలో నాకు ఇదే మిన్న అనిపించింది, పై లాకు మీద నిలబడితే సరస్సంతా పళ్ళెంలో పోసినట్లుంటుంది.

అక్కడి నుంచి మూతలా కొద్ది దూరమే. ఊళ్ళోకి పోయే దారిలో, కాలువ పక్కనే, చెట్ల నీడలో ప్లాటెన్ సమాధి ఉంది. ఆయన 1829 డిసెంబరులో మరణించాడు. కాలువ ప్రారంభోత్సవం 1832 సెప్టెంబరు 26న, రాజుగారి సమక్షంలో జరిగింది. అంటే త్రవ్వించినవాడు పూర్తయిన కాలువను చూడలేదు. మూతలా పట్టణాన్ని విసనకర్ర ఆకారంలో రూపకల్పన చేసిందీ ఆయనే. ఆ పక్కనే 1822లో కాలువ పనులకోసం వెలసిన యంత్రశాల ఉంది. 1874లో అక్కడ తయారైన ‘యూనో’ అనే ఓడ ఆ మధ్యాహ్నం మా ఎదుటనే ప్రయాణికులతో సాగిపోయింది. లాకు కొలతలకు తగినట్లు కట్టిన ఓడ, అటూ ఇటూ అరచెయ్యి పట్టేంత సందు. నూటయాభై యేళ్ళు కావస్తున్నా ముఖాన ముడత లేదు.

సమాధి దగ్గర మా అబ్బాయి అన్నాడు, “ఆ 58,000 మంది పేర్లు ఎక్కడైనా ఉంటాయా?” ఈయన ఒక్కడికి సమాధి, ఊరి కూడలిలో విగ్రహం, పుస్తకాలు. ఆయన అర్హుడే. నడుమ డబ్బు చాలక, పార్లమెంటులో ఎదిరింపులు వచ్చి, ఎన్నోసార్లు ఆగిపోబోయిన పనిని పట్టు విడవకుండా నడిపించాడు. కాటన్ దొరగారికి మన జిల్లాల్లో ఊరూరా విగ్రహాలున్నాయి, ఆయనా అర్హుడే. నేను ఆ రాతి మీద చెయ్యి పెట్టి నమస్కరించాను. పార పట్టిన సిపాయిలకు నమస్కారం ఎక్కడ పెట్టాలో తెలియక గట్టుకే పెట్టాను. చూసేవారు ఏమనుకున్నారో!

సైకిళ్ళంటే ఆ ఊరికి ఎంత మమకారమో చెప్పాలి. 1966 నుంచి అక్కడ జూన్ నెలలో ఒక సైకిలు యాత్ర జరుగుతున్నది. వెత్తెర్న్ సరస్సు చుట్టూ ఇప్పుడు 315 కిలోమీటర్లు. వేలమంది, ముసలివారితో సహా, ఏకబిగిన త్రొక్కుతారు. మేము వెళ్ళేసరికి అది ముగిసి రెండు వారాలు కూడా కాలేదు. “వచ్చే ఏడు మీరూ పేరు ఇవ్వండి” అని మనుమరాలు. తొంభై రోజుల వీసావాణ్ణి, మూడువందల కిలోమీటర్లు నాకెందుకులే అన్నాను. రెండు రోజుల్లో మేము త్రొక్కినది యాభై పైచిలుకు, అది చాలు.

కారులో తిరుగు ప్రయాణంలో పిల్ల వాళ్ళ ముత్తాత తండ్రి పేరు అడిగింది. చెప్పాను. ఆ పేరులో ఒక ‘ళ’ ఉంది. విదేశంలో పుట్టిన పిల్లకు నోరు తిరగదేమో అనుకున్నాను. అవలీలగా పలికింది! ఎలాగని ఆరా తీస్తే, స్వీడిష్‌లో రకారం తరువాత ట, డ, న, ల వస్తే నాలుక వెనక్కు మడిచి మూర్ధన్యంగా పలుకుతారట. ‘ముత్యం’ అనే వారి మాటలో ఉన్నది అచ్చంగా మన ళకారమే. హైదరాబాదులో పెరిగే మా బంధువుల పిల్లలు ‘కల్లు’కూ ‘కళ్ళు’కూ తేడా చెప్పలేక తికమక పడుతుంటే, ఈ పిల్లకు పరాయిభాష మన అక్షరాన్ని దాచిపెట్టి ఇచ్చింది.

స్వదేశం వచ్చాక, సంక్రాంతి వెళ్ళిన వారంలో, పాత సైకిలుకు గాలి కొట్టించి మా కాలువ గట్టు మీద బయలుదేరాను. ధవళేశ్వరం దాకా పోవాలని తలపెట్టలేదు, పోగలిగినంత దూరం చూద్దామని. నాలుగు కిలోమీటర్లు పోయాను. ఆపైన గట్టు మీద పాకలు, పశువుల కొట్టాలు, తరువాత ప్రహరీగోడ. కాలువ నిండా గుర్రపుడెక్క, నీరు కనిపించదు. లాకుల దగ్గర తలుపులు తుప్పుపట్టి ఉన్నాయి. పదవీవిరమణ చేసిన ఒక లస్కరు అక్కడే అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నా వయసువాడే. “ఏం మేష్టారూ, ఇటొచ్చారు?” అన్నాడు. పడవల సంగతి కదిలిస్తే లేచి, పాత వంతెన కిందికి తీసుకువెళ్ళాడు. కమాను మొదట్లో మూలరాయి మీద అడ్డంగా నాలుగైదు గాడులు, వేలితో గీసినంత నున్నగా. “తాడు ఒరిపిడండి. ఇక్కడ వంపు తిరగాలి కదా, తాడు ఈ రాయికి రాసుకునేది” అన్నాడు.

ఫోటో తీసి అబ్బాయికి పంపాను. మరునాడు పిల్ల నుంచి తెలుగులో, తనే అక్షరాలు కూడబలుక్కుని వ్రాసిన జవాబు వచ్చింది: “ఎంత లోతు తాతయ్యా?”

మళ్ళీ వెళ్ళి కొలిచాను. చిటికెన వేలు మొదటి కణుపు దాకా మునిగింది.